తొడ కింద ప్లగ్గు

ఆదివారం పొద్దున మా పక్క షాపు కాక చనిపోయాడు. చాయ్ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదని ఆయన భార్య, మేమంతా చిన్నమ్మ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి చెప్పింది. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు నాకు కలిగింది ఊరట. మేడ్చల్‌లో బతుకంతా రంపం మిషన్లు బాగుచేస్తూ కరెంటుతో, బ్లేడ్లతో సావాసం చేసినవాడు, పది వేళ్ళూ ఉండగానే, తన మంచం మీద, నిద్రలో వెళ్ళిపోయాడు. ఏదో ఒకనాడు ఆ షాపులోంచి చెడ్డ కబురు వినాల్సి వస్తుందని మేమంతా లోలోపల భయపడేవాళ్ళం.

నేను వడ్రంగిని. కాక నాకు చుట్టం కాదు, అందరికీ కాకే. మోటారు కాలిపోయిందంటూ ఎవరు మిషన్ తెచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ముద్దు పెట్టుకుంటున్నాడని మేం నవ్వేవాళ్ళం. కాలిన వాసన లేకపోతే ఇక ప్రశ్నలు మొదలు. ఏ కర్ర కోశావు, బ్లేడు ఎప్పుడు తుడిచావు, కరెంటు ఎంత దూరం నుంచి లాగావు? సగం మిషన్లకు బ్లేడుకు పట్టిన జిగురు గీకి, మోటారులో అరిగిన కార్బన్ ముక్కలు మారిస్తే సరిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మిషన్‌ను తిట్టేవాళ్ళకు ఆయన చెప్పే మాట ఒకటుంది.

"దాన్ని తిట్టకు. దానికి తిండి అందుతాందో లేదో సూడు." తిండి అంటే కరెంటు.

బహదూర్‌పల్లిలో ఒక కొత్త ఇంటికి దర్వాజాలు చేస్తున్నప్పుడు నా మిషన్ నీరసించింది. కోసినచోట కర్ర నల్లబడుతోంది. ఫోన్ చేస్తే కాక స్కూటర్ మీద వచ్చాడు. ఎలా నడుస్తోందో చూపిద్దామని కోస్తుండగా కరెంటు పోయింది, బ్లేడు కర్రలో ఇరుక్కుంది. నేను చెయ్యి పెట్టబోయాను. ఆయన ప్లగ్గు పీకి, ఇంకెవరూ మళ్ళీ గుచ్చకుండా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ అంతే చేసేవాడు. కరెంటే లేదు కదా కాకా, ఇంకా ఎందుకీ భయం అని నేను ఎగతాళి చేశాను.

"పోయింది మల్ల వస్తది. చెప్పి రాదు" అన్నాడు.

నా వేళ్ళు బ్లేడు మీదే ఉన్నాయి. పైన ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. మిషన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. చూస్తే దాని స్విచ్చు ఆన్‌లోనే బిగుసుకుపోయి ఉంది. గభాలున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కాక మాత్రం ఏమీ జరగనట్టు లేచి, నా వైరు చుట్టను తడిమి చూశాడు. వేడిగా ఉంది. సన్న వైరు, అదీ చుట్ట విప్పకుండా వాడాను. ఆయన లావు వైరు తెచ్చి వేశాక మిషన్ వెనకటిలా కోసింది. ఈ రోజు నేను అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆయన మిగిల్చిందే.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ను ఐస్ బాక్సులో పెట్టారు. ఆదిలాబాద్ నుంచి కూతురు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఇంతలో పెట్టె మూలిగి ఆగిపోయింది. ఇంకో పెట్టె శామీర్‌పేటలో కూడా దొరకలేదు. ఎండ మండుతోంది. బిడ్డ వచ్చేదాకా మనిషి ముఖం నిలుస్తుందా అని చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నేను వెళ్ళి ముందు ప్లగ్గు పీకాను. వైరు తడిమితే కాలుతోంది. సన్న వైరు, విప్పని చుట్ట. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. షాపు తెరిచి ఆయన లావు వైరే తెచ్చాను. వెంటనే వెయ్యమని అందరూ తొందరపెట్టారు. మోటారును దమ్ము తీసుకోనివ్వాలని ఆయన అనేవాడు, అందుకే కాసేపు ఆగి వేశాను. పెట్టె సన్నగా గుర్రుమంటూ నడిచింది. చిన్నమ్మ అక్కడే కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, పొద్దుటినుంచి మొదటిసారి మంచినీళ్ళు అడిగింది.

పొద్దు వాలుతుండగా కూతురు వచ్చింది. అద్దంలోంచి తండ్రి ముఖం చూసుకుంది. నిద్రపోతున్నట్టే ఉన్నాడని ఏడ్చింది. తర్వాత ఆయన్ను బయటికి తీయడానికి నలుగురు పెట్టె మీద చేతులు వేశారు.

"జర ఆగుండ్రి" అన్నాను.

ప్లగ్గు పీకి, తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఇగ తియ్యుండ్రి."