రోహిణి కాదు, కృత్తిక

నా మేనకోడలు రోహిణి నక్షత్రంలో పుట్టలేదు. ఆ సంగతి పిల్లకు రెండో నెల నడుస్తుండగానే నాకు తెలుసు. ఎనిమిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర రామచంద్రపురంలో కంప్యూటర్ జాతకాల షాపు పెట్టాను. పుట్టిన తేదీ, టైము, ఊరు కొడితే జాతకం ప్రింటయ్యేది. "మిషను అబద్ధమాడదు కదండీ" అంటూ జనం వచ్చేవారు. నేనూ అదే అనేవాణ్ణి.

చెల్లెలు మొదటి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. సరిగ్గా ఆ వారమే వైరస్ పట్టిందని కంప్యూటరంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించాను. వాచీ చూసి గడియారం సరిచేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. మేనకోడలి జాతకం వేస్తే రోహిణి అని వచ్చింది. రోహిణిలో పుట్టిన బిడ్డ మేనమామకు గండమని మావైపు పట్టింపు. శాంతి చేయించి, గిన్నెలోని నూనెలో పిల్ల నీడ చూపించాకే నన్ను దగ్గరికి రానిచ్చారు.

"ఇంత లేదు, ఇది నన్నేం చేస్తుందే?" అని నవ్వాను.

"నీకన్నీ వేళాకోళమే అన్నయ్యా. నాకున్నది నువ్వొక్కడివే" అంది చెల్లెలు.

ఏప్రిల్లో ఒకరోజు కంప్యూటర్ ఆన్ చేస్తే, గడియారాన్ని గంట ముందుకు జరిపానని తెరమీద ఇంగ్లీషులో కనిపించింది. వేసవికి గడియారం జరిపే పద్ధతి మన దగ్గర లేదే అని గడియారం మీద క్లిక్ చేశాను. ప్రపంచపటం వచ్చింది. అందులో అమెరికా పడమటి తీరం వెలుగుతోంది. విండోస్ ఎక్కించిననాడు గంటలూ నిమిషాలూ దిద్దాను గానీ, అది ఏ దేశపు టైమో చెప్పే టైమ్ జోన్ ముట్టుకోలేదు. జాతకాల సాఫ్ట్‌వేర్ ఆ జోన్‌నే నమ్మి, చంద్రుణ్ణి అరరోజుకు పైగా ముందుకు నడిపించేసింది. జోన్ మార్చి మేనకోడలి వివరాలు మళ్ళీ కొట్టాను. కృత్తిక, నాలుగో పాదం. దానికి మేనమామ గండమన్న పట్టింపు లేదు.

చెబితే బావకు తెలుస్తుంది. బావకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ఆ మధ్య జాతకాలు తీసుకున్నవాళ్ళంతా షాపు మీదికొస్తారు. వాళ్ళలో ఒక్కరికీ కబురు పెట్టలేదు. ఇంట్లోనూ నోరు విప్పలేదు.

మూడో నెలలో చెల్లెలు పిల్లతో తణుకులోని అత్తారింటికి వెళ్ళిపోయింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలి. శాంతి చేయించినా గండం భయం పోలేదు, నన్ను పిలవలేదు. మా పెదనాన్న కొడుకు ఒళ్ళో కుట్టించారు. ఆ పూట షాపులోనే కూర్చున్నాను. ఇంటికెళ్తే అమ్మ నా మొహం చూసి ఏడుస్తుందని.

నాకు పెళ్ళి కుదరలేదు. అమ్మ పోయాక ఇంట్లో ఒక్కణ్ణే మిగిలాను. స్కూటర్ మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు చెల్లెలొక్కతే వచ్చి నాలుగు రోజులు వండిపెట్టింది. "పిల్లేదే?" అంటే పొయ్యి వైపు తిరిగింది. అప్పుడైనా చెప్పాల్సింది.

ఒక ఆదివారం తణుకు ఫోన్ చేస్తే మేనకోడలే ఎత్తింది.

"మామయ్యా, నీ చెయ్యి తగ్గిందా?"

"ఎప్పుడో తగ్గిందమ్మా. మా ఊరు ఎప్పుడొస్తావు?"

"నేను రాకూడదుగా. వస్తే నువ్వు మళ్ళీ పడిపోతావంట."

గొంతులో ఏడుపు లేదు. రేపు బడి లేదని చెప్పినట్టు చెప్పింది.

మర్నాడే బస్సెక్కాను. గుమ్మంలో నన్ను చూసి చెల్లెలు కంగారుపడింది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేంటన్నయ్యా! ఉండు, దాన్ని లోపలికి పంపిస్తాను."

"పంపకు. దాన్నీ ఇక్కడే కూర్చోబెట్టు."

పటం సంగతి, జోన్ సంగతి, కృత్తిక సంగతి అన్నీ చెప్పాను. చెల్లెలు పిల్ల చెవుల వైపు చూసి అడిగింది.

"చెవులు కుట్టించిననాటికే తెలుసా నీకు?"

"తెలుసు."

మేనకోడలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"నీవల్ల నాకెప్పుడూ ఏ గండమూ లేదమ్మా" అన్నాను దానితో. తర్వాత చెల్లెలి వైపు తిరిగాను. "షాపు పరువు కోసం నీ కూతురి మీద లేని నింద ఉండనిచ్చాను. నిన్ను భయంలో ఉంచాను. తప్పు నాదే. మీ ఇద్దరూ నన్ను క్షమించండి."