రెండో స్టాపు పంచదార

మా పిన్ని బతికున్నన్నాళ్ళూ ఆమె వంటింట్లో గరిటె కూడా ఆమె చెప్పకుండా కదిలేది కాదు. మా చుట్టాల్లో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు, కాస్త వెటకారంగానే చెబుతారు. నీళ్ళు తాగిన గ్లాసు గట్టు మీద పెడితే చాలు, "దాని చోటు అది కాదమ్మా" అనేది. నాలుగు రోజులు ఉందామని వెళ్ళినవాళ్ళు రెండో రోజే సంచీ సర్దుకునేవారు. నేను ఆమె సొంత అక్క కూతుర్ని, నాకూ చిరాకేసేది. ఇంత శుభ్రం ఎవరికోసమే తల్లీ అని మా అమ్మ మొహం మీదే అడిగేది.

పిన్ని లారీల స్పేర్ పార్టుల దుకాణంలో పని చేసేది. గోడ నిండా సొరుగులు, సొరుగుల నిండా నట్లు, వాషర్లు, బేరింగులు. కొనడానికి వచ్చినవాడితో మాట్లాడుతూనే, వెనక్కి తిరక్కుండా చెయ్యి చాపి కావలసింది తీసి ఇచ్చేది. చోటు మారిన వస్తువు పోయిన వస్తువుతో సమానం అనేది. ఆ పద్ధతే ఇంటికీ తెచ్చుకుంది.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఆయన వంటింటి గుమ్మం దాటేవాడు కాదు. గుమ్మం బయట నిలబడే, "చెకింగ్ ఇన్‌స్పెక్టరుగారూ, ఒక టీ దొరుకుతుందా?" అని అడిగేవాడు. "టికెట్టు ఉందా?" అనేది పిన్ని లోపలినుంచి. పిల్లలు లేరు వాళ్ళకి. వాళ్ళ సరసం అంతా ఆ గుమ్మానికి అటూ ఇటూ నడిచేది.

ఆయన చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు పక్కలు మసకబారాయి, తర్వాత సాయంత్రాలు. ఒక ఉదయం డిపోకి వెళ్ళి, బస్సు ఎక్కకుండానే తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టి, "ఇవాళ్టిదాకా ఎవరినీ గుద్దలేదు, రేపు గుద్దుతాను. ఇక నావల్ల కాదు" అని చెప్పి ఇంటికి వచ్చేశాడు. ఎవరూ పొమ్మనకముందే తనంతట తాను దిగిపోయిన మనిషి. అలాంటివాడు కుర్చీలో కూర్చుని మంచినీళ్ళకి కూడా పిలవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

చూపు పూర్తిగా పోయిన కొన్నాళ్ళకే పిన్ని కడుపులో జబ్బు బయటపడింది. అది తగ్గేది కాదని డాక్టరు ఆమెకే చెప్పాడు. ఆ వారం నేను చూడటానికి వెళితే ఆమె గట్టు మీద డబ్బాలన్నీ కిందికి దించి కూర్చుని ఉంది. తన పాత నూలు బట్టలు చింపి, సన్నని పీలికలు చేసి, డబ్బాల మెడలకు కడుతోంది. ఒక డబ్బాకి ఒక ముడి, ఇంకోదానికి రెండు. డబ్బాలు కూడా ఏ రెండూ ఒక్కలా లేవు. సొట్ట పడ్డది ఒకటి, మూత బిగుతుది ఒకటి, గరుకుది ఒకటి, పాత బిస్కట్ల డబ్బా ఒకటి.

"ఇదేంటి పిన్నీ, ఇల్లంతా చింకిపాతల అంగడి చేశావు?" అన్నాను.

"నేను పోయాక మీ బాబాయి ఒక గ్లాసుడు టీ కోసం ఒకరి మొహం చూస్తూ కూర్చోకూడదే," అంది. ఆయన ఎవరి మొహమూ చూడలేడని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పాఠాలు మొదలయ్యాయి. ఆయనకి వంటిల్లు తలకెక్కడం లేదని తెలిసి, ఆమె దాన్ని బస్సు రూటు చేసేసింది. పొయ్యి డిపో. డిపో నుంచి కుడివైపు వెళితే మొదటి స్టాపు టీ పొడి, రెండో స్టాపు పంచదార, ఆ తర్వాత పాల పొడి, చివర గ్లాసులు. ఎడమవైపు రూటు బియ్యం, పప్పు, నూనె. ఉప్పు ఆ చివరెక్కడో, సింకు దాటాక.

"ఉప్పుని ఊరి బయట పెట్టావేం?" అని బాబాయి అడిగితే, "ఉప్పూ పంచదారా పక్కపక్కన ఉన్న ఇంట్లో కాపురాలు నిలవవు" అంది. ఆయన గోడకి చెయ్యి ఆనించి, నోటితో బెల్లు కొడుతూ, స్టాపు స్టాపుకీ ఆగుతూ నడిచేవాడు. ఆమె వెనకాల స్టూలు మీద కూర్చుని పొట్ట పట్టుకుని, "స్టాపు దాటేశారు, వెనక్కి రండి" అని కేకలేసేది. కేక మధ్యలో ఆమె ఊపిరి తెగేది నవ్వాపుకోలేక అనుకునేవాడాయన. నొప్పికి.

లోకులు పలుగాకులు. చూపు లేనివాడి చేత చాకిరీ చేయిస్తోంది, రాతిగుండె మనిషి అన్నారు. ఆ మాట ఆమె చెవినా పడింది. జవాబు చెప్పే ఓపిక ఆమెకి ఎటూ లేదు, ఉన్న ఓపిక అంతా పాఠాలకే ఖర్చయిపోయింది. చివరికి ఒక రోజు ఆయన తనే టీ పెట్టి, ఒలకకుండా మంచం దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి, "ఇక మీకు లైసెన్సు ఇచ్చేస్తున్నాను" అంది. ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

ఆమె పోయిన రోజు నుంచి ఇల్లు జనంతో నిండిపోయింది. బాబాయి వాళ్ళ అక్క, మేమంతా పెద్దత్త అంటాం, అన్నీ తన నెత్తి మీద వేసుకుంది. అమ్మ లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె ప్రేమకి వంక పెడితే నా కళ్ళు పోతాయి. కానీ ప్రేమ చేతికి చీపురిస్తే ఏం జరుగుతుందో ఆ ఇంట్లో జరిగింది. నేను ఉద్యోగానికి వెళ్ళిపోయిన రోజుల్లో పెద్దత్త, ఇద్దరు కోడళ్ళు, పక్కింటావిడ కలిసి వంటిల్లు కడిగి పారేశారు. జిడ్డు పీలికలు కట్టిన సొట్ట డబ్బాలు చూసి, పాపం చివరి రోజుల్లో ఒంట్లో బాగాలేక ఇలా వదిలేసినట్టుంది అనుకున్నారు. అన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. బీరువాలో ఆమె బట్టలు చూస్తే తమ్ముడు కుమిలిపోతాడని వాటినీ ఎవరెవరికో పంచేశారు. కొత్త గాజు సీసాలు కొని, అన్నీ ఒకే రకం, వాటిలో సరుకులు నింపి వరసగా సర్దారు. లోపల ఏముందో చూడగానే తెలుస్తుందని పెద్దత్త అందరికీ చూపించి మురిసిందట. చూపు లేనివాడి వంటింట్లో! తిలాపాపం తలా పిడికెడు, అక్కడున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజుల్లో ఆయన్ని వంటింట్లోకి రానివ్వలేదు. నువ్వు కూర్చో, మేమున్నాంగా అనేవారు. ఆయనా అక్క మాట కాదనలేక కూర్చున్నాడు.

చుట్టాలంతా తిరుగుప్రయాణం కట్టే రోజు నేను మళ్ళీ వెళ్ళాను. బాబాయిని ముందుగదిలో కూర్చోబెట్టి పెద్దత్త తేల్చేసింది. "నువ్వు నాతో వచ్చెయ్ రా. ఈ ఇల్లు అద్దెకిచ్చేద్దాం."

"నేను ఇక్కడే ఉంటానక్కా."

"ఎలా ఉంటావు? ఒక గ్లాసు టీ కావాలంటే ఎవరిస్తారు?"

"నేనే పెట్టుకుంటాను. మీ మరదలు నేర్పింది."

"సరే. మా అందరికీ ఇప్పుడు టీ పెట్టి ఇయ్యి. ఇక నేను నోరెత్తితే ఒట్టు."

బాబాయి లేచాడు. చొక్కా సర్దుకున్నాడు, డ్యూటీకి వెళ్ళేవాడిలా. "ఎవరూ లోపలికి రావద్దు" అన్నాడు. నేను లేవబోయి ఆగిపోయాను. ఆయన గెలుస్తాడని నాకు తెలుసు. ఆ పాఠాలు చూసినదాన్ని కదా. లోపలినుంచి సన్నగా బెల్లు శబ్దం వినిపించింది, నోటితో. గిన్నె పెట్టిన చప్పుడు, పొయ్యి వెలిగిన చప్పుడు, కాసేపటికి టీ వాసన. పెద్దత్త ముఖంలో ఆశ్చర్యం చూసి నేను లోలోపల పిన్నికి చెప్పుకున్నాను, చూశావా అని.

ట్రే ఆయనే తెచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు. అందరం తీసుకున్నాం. నేను ఒక గుక్క తాగాను. కటిక ఉప్పు.

ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పెద్దత్త గుటక మింగింది. పెద్ద కోడలు కళ్ళు మూసుకుని గ్లాసంతా మందు తాగినట్టు తాగేసింది. "ఎలా ఉంది?" అన్నాడు బాబాయి, నిలబడే ఉన్నాడు.

"బాగుంది రా," అంది పెద్దత్త.

అప్పుడు ఆయన తన గ్లాసు తీసుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపి ఉండాల్సింది, లేచేలోపే ఆలస్యమైంది. తాగాడు. గ్లాసు మెల్లగా ట్రేలో పెట్టి కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

"నా చెయ్యి సరిగ్గానే వెళ్ళింది," అన్నాడు చివరికి. "మొదటి స్టాపులో టీ పొడే ఉంది. రెండో స్టాపు పంచదార. ఆవిడ నేర్పడంలో తప్పు లేదు. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనకండి."

నేను వంటింట్లోకి పరిగెత్తాను. తళతళలాడుతున్న సీసాలు. టీ పొడి పొయ్యి పక్కన పెట్టుకోవడం పెద్దత్త ఇంట్లోనూ అలవాటే, అందుకే అది మారలేదు. దాని పక్కన ఉప్పు. ఆ పక్కన పాల పొడి, దాని తర్వాత పంచదార. పొడి సరుకులన్నీ ఒకచోట ఉంటే అందంగా ఉంటుందని.

తిరిగి వచ్చి అడిగాను. "బాబాయ్, చేతికి గాజు సీసా తగిలింది కదా, ముడి లేదు కదా. కాస్త నాలిక మీద వేసుకుని చూడాల్సింది."

"సీసా మారిందని తెలిసింది. చోటు కూడా మారుస్తారని అనుకోలేదు. మీ పిన్ని పెట్టిన చోటుని నాలిక మీద వేసుకుని చూస్తానా?"

పెద్దత్తకి అప్పటికి గానీ అర్థం కాలేదు. ముడులు ఎందుకో, సొట్ట డబ్బాలు ఎందుకో నేను చెబుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. "నేనే మార్చాను రా. చూడటానికి బాగుంటుందని నేనే మార్చాను," అని తమ్ముడి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ, "రూటు మార్చినప్పుడు డ్రైవరుకి చెప్పాలి కదక్కా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎవరూ ప్రయాణం కట్టలేదు. బాబాయి గట్టు ముందు నిలబడి చెయ్యి ఎక్కడ ఆనించి ఏ సరుకు పేరు చెబితే అక్కడ ఆ సరుకు పెట్టాం. అన్నీ ఆయన చేతికి గుర్తున్నాయి. ఇక ముడులు కట్టాలి. పిన్ని బట్ట ఒక్కటి కూడా ఇంట్లో లేదు. పెద్దత్త బీరువా అరలన్నీ వెతికి, ఉత్త చేతులతో వచ్చి, ప్రయాణానికని మెడకి చుట్టుకున్న నూలు స్కార్ఫు తీసి పళ్ళతో చింపింది. ఉప్పుని మళ్ళీ ఊరి బయటికి పంపాం. పెద్దత్త ఇంకోసారి రమ్మని అడగలేదు.

ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఆ డబ్బాలు ఎవరికిచ్చారో కనుక్కో తల్లీ. డబ్బాలు వద్దు. ఆ గుడ్డముక్కలు దొరికితే చాలు."

వెళ్ళాను. పాత సామాన్లవాడు మంచివాడే, గుట్టంతా కదిపి చూపించాడు. డబ్బాలు అప్పటికే నలిగి ఇంకెక్కడికో వెళ్ళిపోయాయి. పీలికలు ఊడదీసి చేతులు తుడుచుకుని పారేశానన్నాడు. వాడి తప్పేముంది, జిడ్డు గుడ్డలు.

తిరిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, ఆ నెమ్మదికే ఆయనకి తెలిసిపోయింది. "దొరకలేదు కదూ," అన్నాడు. "పోనీలే. కూర్చో, నీకు టీ పెడతాను."

గుమ్మంలో నిలబడి చూశాను. ఈసారి నోటితో బెల్లు కొట్టలేదు. చెయ్యి గోడ వెంట వెళ్ళి రెండో స్టాపులో ఆగింది. మూత తీయకుండా ఆ కొత్త ముడిని బొటనవేలితో రాస్తూ నిలబడిపోయాడు. నీళ్ళు మరిగి పొంగుతున్నాయి. పొయ్యి తగ్గించడానికి నేను వెళ్ళబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"గరుగ్గా ఉందే," అన్నాడు. "ఆవిడ గుడ్డ మెత్తగా ఉండేది. ఎన్నేళ్ళు ఉతికిందో."