ఐదువేల వరస

మంగళవారం పొద్దున్న ఎచ్చెర్ల దగ్గర మా ఆఫీసులో నెలాఖరు రిపోర్టు తీస్తుండగా బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క ఎల్లిపోనాదమ్మా" అన్నారు. రిపోర్టు అలాగే వదిలేసి కడచూపుకి బస్సెక్కాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఇప్పుడు మూతపడిన ఒక గోనెసంచుల మిల్లులో అకౌంట్స్ చూసేది. డిగ్రీ అవగానే నేను ఆమె కింద చేరాను. మిల్లంతా మేడమ్ అనేవారు, నేను అక్కా అనేదాన్ని. ఆదివారం చర్చిలో పాడిన పాట సోమవారమంతా ఆమె గొంతులో సన్నగా ఆడుతుండేది. పనసపొట్టు కూర తెస్తే ముందు నా క్యారియర్ మూతలో పెట్టి, తరువాతే తాను తినేది.

మా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఖాతాకూ ఒక నంబరు. ఖర్చులన్నీ ఐదువేల వరసలో ఉండేవి. రిపోర్టులో 5000 నుంచి 5999 వరకు అని ఇస్తే చాలు, మధ్యలో ఉన్నవన్నీ అదే కూడి మొత్తం చూపించేది. నేను తెగ సంబరపడిపోయాను. అక్క కుర్చీ నా పక్కకు లాక్కుంది.

"ఒసే, అది కూడతాది గానీ సూడదు. మద్దెన ఏటున్నాదో నువ్వే సూడాల."

ఆ మధ్యాహ్నం ఒక్కొక్క నంబరే తెరిపించింది. "ఇది నార బేళ్లు దించినోళ్ల కూలి. ఇది స్పిన్నింగు ఆడోళ్ల టీ కర్సు. ఇది వానకి కారిన రేకులు." ఆమె చెబుతుంటే ఆ అంకెల వెనక మనుషులు కదిలేవారు. ఈ రోజుకీ నేను అలాగే చదువుతాను.

తరువాత యజమానులు వేరే రాష్ట్రంలో ఇంకో మిల్లు కొన్నారు. కొద్ది నెలలకు మా మిల్లు నష్టాల్లో ఉందనీ, మూసేస్తామనీ నోటీసు అంటించారు. అక్క నమ్మలేదు. ఖాతాలన్నీ తెరిచి చూసింది. కొత్త మిల్లు మరమ్మతులకు 5800 పైన నంబర్లిచ్చారు. అవి మా వరసలో పడి, మా ఖర్చుల్లో కలిసిపోతున్నాయి.

హెడ్డాఫీసు వాళ్లు వచ్చినప్పుడు అది చూపించింది. వాళ్లు కాదనలేదు. వరసను 5799 దగ్గర ఆపి రిపోర్టు మళ్లీ తీయించారు. నష్టం పోయి కొద్దిపాటి లాభం కనబడింది. అక్క ముఖం వెలిగిపోయింది.

వాళ్లలో పెద్దాయన ఆ కాగితం మడిచి, "మీరు చెప్పింది నిజమేనమ్మా. కానీ మూసేయాలని ముందే అనుకున్నారు. ఈ రిపోర్టు కాకపోతే ఇంకోటి చూపించేవారు" అన్నారు. మర్యాదగానే అన్నారు.

బయట గేటు దగ్గర జనం. స్పిన్నింగులో పనిచేసే ఒక పెద్దామె ముందుకొచ్చి, "ఏటన్నారు మేడమ్?" అని అడిగింది.

"తప్పు దిద్దీసినారమ్మా. మనకి నట్టం నేదు."

ఎవరో ఈల వేశారు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులు ఆగేదాకా అక్క నిలబడే ఉంది.

"అయినా మూసెత్తన్నారు" అంది అప్పుడు.

ఆ తరువాత ఆమె ఎక్కడా ఉద్యోగానికి వెళ్లలేదు. పాట కూడా మానేసిందని బావగారు చెప్పారు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. బొబ్బిలిలో వాళ్లింటికి చివరిసారి వెళ్లినప్పుడు, ఆమె మనసు మళ్లిద్దామని మా ఆఫీసు రిపోర్టులో ఒక చిక్కు గురించి మాటెత్తాను. చెయ్యి అడ్డంగా ఊపింది.

"నాకు సెప్పకే. మొత్తం సరిగ్గా వస్తే ఆల్లు ఇంటారనుకున్నాను. వస్తే మాత్రం ఏటైనాది?"

 

సమాధుల తోటకు మిల్లు ఆడవాళ్లు ఆటోల్లో వచ్చారు. చాలామంది ఇప్పుడు ఇటుక బట్టీల్లో, ఊళ్లలో ఇళ్ల పనుల్లో ఉన్నారట. తలా గుప్పెడు మట్టి వేసి, పని పోతుందని తొందరగా వెళ్లిపోయారు.

తిరుగు బస్సు మిల్లు ముందు నుంచే వచ్చింది. గేటు లోపల, నార లారీలు తూచే ఇనుప పలక మీద మేకలు పడుకుని ఉన్నాయి. ఒకటి లేచి, రెండడుగులు నడిచి, మళ్లీ అక్కడే పడుకుంది.