పదమూడు పానా

ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో మా అద్దె ఇంటి ముందు ఆ పాత జీపుని తెచ్చి నిలబెట్టింది నేనే. రెండేళ్ల పాటు శనాదివారాలు దాన్ని ముక్కముక్కగా విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాను. సరిగ్గా అంతా అయిపోవచ్చిందనగా మాకు ఇల్లు అద్దెకిచ్చిన లెటింగ్ ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది. శనివారం మనిషి వచ్చి చూస్తాడట. బండి తనంతట తను కదిలితే సరే, లేకపోతే తుక్కు కింద లాగించేస్తారట.

కదలడానికి అడ్డం ఒక్కటే, కాలిపోయిన స్టార్టర్ మోటారు. వేరేది తెచ్చి పెట్టుకున్నాను. పాతదాన్ని పట్టుకున్నవి రెండే బోల్టులు. మొదటిది ఎలాగో వచ్చింది. రెండో దానికి పదమూడు పానా పెట్టి బలంగా లాగేసరికి పానా జారి, బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోయింది. నా వేళ్ల కణుపులు కూడా దోక్కుపోయాయి.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు. చిన్నప్పుడు ఆయనకి క్యారేజీ పట్టుకెళ్లి, అక్కడే ఉండిపోయేదాన్ని. లారీ కింద నుంచి చెయ్యి చాచి ఆయన "పదమూడు!" అంటే పదమూడు, "పదిహేడు!" అంటే పదిహేడు అందించేదాన్ని. అందించడం వరకే. తిప్పనిమ్మంటే మాత్రం, "గోళ్లల్లో గ్రీజున్న పిల్లని ఎవడు చేసుకుంటాడే?" అని కసిరేవారు. ఆ మాట నాకిప్పటికీ మంటే.

బోల్టు చూసి మా ఆయన గుమ్మంలోంచే, "కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. శనివారం వాళ్లే పట్టుకుపోతారు, పీడా పోతుంది" అన్నాడు.

"పోనివ్వను" అన్నాను.

ఇండియాకి మాట్లాడే ఫోన్ కార్డు గీకి నాన్నకి చేశాను. సంగతి వినగానే, "అల్లుడుగారికి ఇవ్వమ్మా" అన్నారు.

"ఆయనకి టైరు మార్చడం కూడా రాదు. నాకే చెప్పండి."

"పదమూడెట్టావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది ఇంగ్లీషోడి పాత బండి, ఇంచీల్లో ఉంటాయి బోల్టులు. అది అరంగుళం. దానికి పదమూడు వదులు, పన్నెండు ఎక్కదు."

నిజమే. పానా కాస్త ఆడుతుంటే, బోల్టు తుప్పు తిని చిక్కిందిలే అనుకున్నాను. మిల్లీమీటర్లు తప్ప లోకంలో ఇంకో కొలత ఉందని నాకు తట్టనే లేదు.

"మరిప్పుడేం చెయ్యను?"

"వదిలెయ్. గ్యారేజీలో మగాళ్లుంటారు, చూసుకుంటారు."

ఒళ్లు మండిపోయింది. పన్నెండు ఎక్కదా? ఎక్కకపోతే ఎక్కించాలి! పన్నెండో నంబరు సాకెట్ తీసుకుని, ఆ గుండు బోల్టు మీద పెట్టి సుత్తితో దిగ్గొట్టాను. నాలుగు దెబ్బలకి కరుచుకుంది. సాకెట్ పిడికి పొడుగాటి ఇనుప గొట్టం తొడిగి, కాలు చక్రానికి తన్నిపెట్టి లాగాను. బోల్టు కీచుమంటూ తిరిగింది. "రావే, చచ్చినట్టు రావే!" అని పైకే అరిచాను. వీధిలో ఎవరైనా విన్నా నాకేం సిగ్గు లేదు.

శనివారం ఏజెన్సీ మనిషి కాగితాలతో వచ్చాడు. తాళం తిప్పితే మొదటిసారి దగ్గింది. రెండోసారి అందుకుంది. వీధి చివరిదాకా నడిపి, తిప్పుకొచ్చి అతని ముందే ఆపాను. అతను ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఇంజను ఆపకుండానే కార్డ్‌లెస్ ఫోన్ తెచ్చి నాన్నకి చేశాను.

"అల్లుడుగారు బాగు చేయించారా?"

"లేదు నాన్నా. పన్నెండు అందించిందీ నేనే, తిప్పిందీ నేనే."



"ఏదీ, రేజ్ చెయ్యి."

ఫోన్ బానెట్ మీద పెట్టి యాక్సిలరేటర్ తొక్కాను. మళ్లీ చెవి దగ్గర పెట్టుకునేసరికి ఆయన గొంతు షెడ్డులో పనివాళ్లతో మాట్లాడే గొంతయింది.

"ఇంజన్లో ట్యాపెట్లు మోగుతున్నాయి. వాటి గ్యాప్ నువ్వే సెట్ చెయ్యి. ఎవడి చేతికీ ఇవ్వకు."