తాడుకు కట్టిన పేరు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు నామమున వందనాలు. మీలో చాలామందికి నేను తెలుసు, తెలియనివాళ్ళకు చెబుతున్నాను, నా పేరు యోహాను, అంతకుముందు జోగారావు, సేక్కాన్ రేవులో మాత్రం బర్మావాళ్ళ పద్ధతిలో కో జో, అంటే జో అన్న, అనేవారు, ఆ కో జో టీ కొట్టులోకి వస్తున్నాడంటే కూర్చున్నవాళ్ళు సగం టీ వదిలేసి లేచిపోయేవారు. అది గౌరవం అనుకుని మురిసిపోయాను. అది ఉత్త భయమని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో బర్మాకు వచ్చి ఈ రేవులోనే బస్తాలు మోశాడు, మా నాన్నా మోశాడు, నేను మాత్రం మోసేవాళ్ళ మీద పెత్తనం చేసే దారి పట్టాను. ఏ పడవ సరుకు ఏ ముఠా దించాలన్న దాని మీద తగాదాలు వస్తాయి కదా, ఆ తగాదాల్లో ముందు నిలబడేది నేనే, మొదట చేతిలో కర్ర, తర్వాత కత్తి, ఆ తర్వాత లుంగీ మడతలో పిస్తోలు. ఒక పట్టపగలు జెట్టీ మెట్ల మీద ఒక మనిషిని కాల్చాను. గుండు భుజంలోంచి దూసుకుపోయింది, అతను బతికాడు, అది నా మంచితనం కాదు, దేవుని కృప. జైలుకు వెళ్ళాను, వచ్చాను, అతని మనుషులు నాకోసం చూస్తున్నారని విని వచ్చిన వారానికే మళ్ళీ పిస్తోలు సంపాదించాను. ఎక్కడ కూర్చున్నా గోడకు వీపు ఆనించి కూర్చునేవాణ్ణి. నేను గుమ్మంలోకి రాగానే నా కన్నకూతురు నవ్వు ఆపేసేది, అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

అలాంటి రోజుల్లో దేవుడు నా దగ్గరికి మార్తప్పను పంపించాడు. అక్కను అప్ప అనడం మావాళ్ళకు అలవాటు, ఆమె మన సంఘానికంతా అప్పే. పబేడాన్‌లో మార్కెట్ వెనక సందులో దోసెలు అమ్ముతుంది. ఆమె సొంత తమ్ముడు ఇలాంటి తగాదాలోనే తుపాకీ గుండుకు పోయాడు. ఒక ఉదయం నేను ఆమె బల్ల దగ్గర కూర్చుంటే దోసె పెట్టి, టీ పోసి, నా నడుము వైపు ఒక చూపు చూసి, "ఈవేళ నీకెవుడి మీద కోపం, బావూ?" అని అడిగింది. కూర ఏం కావాలని అడిగినంత మామూలుగా అడిగింది. నేనూ అలాగే ఒక పేరు చెప్పాను. వెంటనే కళ్ళు మూసుకుంది.

"పెబువా, ఆడిని సల్లగా సూడు. ఆడికీ ఓ తల్లున్నాది. ఈ జోగిగాడికీ బుద్దియ్యి." ఇంతే ఆమె ప్రార్థన. కళ్ళు తెరిచి, "ఆమేన్ అను" అంది. నేను అనలేదు. "అనకపోతే మానీ, దోసి తిను, రేపు మళ్ళీ అడుగుతాను" అంది.

సహోదరులారా, ఆమె మళ్ళీ అడిగింది, వానాకాలం మొదలైన రోజు నుంచి వానాకాలం పోయేదాకా ప్రతి ఉదయం అడిగింది, నేను రాకపోతే గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చి అడిగింది, నా కోపాన్ని గరిటెతో కలిపినట్టు కలిపి చూసేది, ఎంత వేడిగా ఉందో, ఈ రోజు నన్ను ఒంటరిగా వదలొచ్చో లేదో ఆమెకు తెలిసిపోయేది. వేడిగా ఉన్న రోజున నాకు ఉల్లిపాయలు తరిగే పని పెట్టి మధ్యాహ్నం దాకా కదలనిచ్చేది కాదు. రేవులో అందరూ వణికిన కో జో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ కన్నీళ్ళు తుడుచుకునేవాడు. చివరికి ఒక రోజు ఆమె ప్రార్థన ముగియగానే నా నోట ఆమేన్ వచ్చేసింది. నేను అనాలనుకుని అన్నది కాదు. ఆ వారమే నది అవతలి డలాకు వెళ్ళే పడవ ఎక్కి నది మధ్యలో ఆ పిస్తోలును వదిలేశాను, ఇంటికొచ్చి నా కూతురి పక్కన కూర్చుని అన్నం తిన్నాను. దేవునికే మహిమ!

ఇక్కడితో ఆపితే బాగుండేది, మీరు కంజీరలు వాయించేవారు, నేను సంతోషంగా కూర్చునేవాణ్ణి. కానీ అసలు సాక్ష్యం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పాస్టరుగారు, మార్తప్ప కలిసి ఈ పని నాకూ అప్పగించారు. ఈ రోజుల్లో తుపాకులు ఎలా దొరుకుతున్నాయో మీకు చెప్పక్కర్లేదు. కాల్చడానికో, కాల్పించుకోవడానికో ఒక్క అడుగు దూరంలో ఉన్న మగవాళ్ళు, పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు, వాళ్ళను ప్రతి ఉదయం పలకరించడం, ఆ ఒక్క ప్రశ్న అడగడం, వేడిగా ఉన్న రోజున వెంట ఉండడం. అలా నాకొక తమ్ముడు దొరికాడు. పేరు చెప్పను, వీధి చెప్పను. అవతలి ముఠా మనిషి ఒకడు ఇతని అన్నను కాల్చాడు, ఆ అన్న ఇప్పటికీ కుంటుతున్నాడు. నెలల తరబడి తమ్ముడు ప్రతి ఉదయం ఆ ఒక్క పేరే చెప్పాడు, నేను ఆ పేరునే ప్రార్థించాను, ఒక రోజు తన పిస్తోలు తెచ్చి మార్తప్ప చేతిలో పెట్టాడు.

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ ఆదివారం ఇదే స్థలంలో నిలబడి, అతన్ని ఒక్క మాట అడక్కుండా, పేరు పెట్టి పిలిచి, నిలబెట్టి, ఇతని దగ్గర ఇక ఆయుధం లేదు చూడండి అని మీ అందరితో స్తోత్రం చెప్పించాను. దేవునికి మహిమ అన్నాను గానీ సహోదరులారా, ఆ మహిమలో సగం నా జేబులో వేసుకున్నాను. తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు, అది వినయం అనుకున్నాను.

సోమవారానికి రేవంతా తెలిసిపోయింది. టీ కొట్టులో అన్నను కాల్చిన ఆ మనిషే వచ్చి తమ్ముడి ఎదుట కూర్చుని, చేతిలోని టీ తమ్ముడి చొక్కా మీద నెమ్మదిగా పోసి, ఇప్పుడు ప్రార్థన చేసుకో అన్నాడట. మంగళవారం తమ్ముడి భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నయ్యా, మళ్ళీ ఇంట్లోకి పిస్తోలు వచ్చీసినాది. శనివారం పొద్దున్న ఆడు జెట్టీకొత్తాడంట, ఈయన లెక్కెట్టుకుని కూకున్నారు" అంది.

నేను పరుగున మార్తప్ప దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఆడి బతుకు నీ సాచ్చికానికి వాడీసుకున్నావు" అని, టీ పోసి, "ఈవేళ నీకెవుడి మీద కోపం?" అంది. నా మీదే అన్నాను. అయితే నీ పేరు చెప్పుకో అని, నా కోసం ప్రార్థించింది.

తమ్ముడు నాకు తలుపు తియ్యలేదు. వాళ్ళది నాలుగో అంతస్తు. మన వీధుల్లో అన్ని ఇళ్ళకూ ఉన్నట్టే వాళ్ళ బాల్కనీ నుంచి కూడా కిందికి తాడు వేలాడుతుంది, లాగితే పైన గంట మోగుతుంది, పేపరైనా కూరగాయలైనా ఆ తాడుకే కట్టి పైకి పంపుతాం. బుధవారం ఉదయం మార్తప్ప దోసెల పొట్లం ఆ తాడుకు కట్టి గంట లాగాను. పొట్లం కదల్లేదు, చివరికి కాకులు తిన్నాయి. గురువారం మళ్ళీ కట్టాను. పొట్లం మెల్లగా పైకి వెళ్ళింది. కాసేపటికి తాడు చివర ఒక కాగితం ముక్క దిగింది. దాని మీద బర్మా అక్షరాల్లో ఒక్క పేరు. అది నా పేరు.

మేము రోజూ అడిగే ప్రశ్నకు జవాబు అది. అతనికి ఆ రోజు కోపం నా మీద. కిళ్ళీ కొట్టు అతను చూస్తున్నాడు, మెట్ల మీద ఆడవాళ్ళు చూస్తున్నారు, నేను ఆ వీధిలోనే నిలబడి పైకి వినబడేట్టు ప్రార్థించాను: "ప్రభువా, ఈ యోహాను గొప్పవాడు అనిపించుకోవడానికి నీ బిడ్డను అందరి ముందూ నిలబెట్టాడు. వీడి తప్పు వీడికి చూపించావు. తమ్ముడూ, నన్ను క్షమించు." పైన తలుపు మూసిన చప్పుడు వినిపించింది. శుక్రవారం పొట్లం వెళ్ళింది, కాగితం రాలేదు.

శనివారం తెల్లవారగానే వెళ్ళి గంట లాగాను. తాడు చివర కాగితం దిగింది, తిప్పి చూశాను, రెండువైపులా ఖాళీ. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు, తమ్ముడే దిగుతున్నాడు, బయటికి వెళ్ళే చొక్కా వేసుకున్నాడు, నడుము దగ్గర ఎత్తుగా ఉంది. నేను దారికి అడ్డం నిలబడలేదు, నిలబడినా ఆగే మనిషి కాదు. అతనే ఆగాడు.

"ఆడి పేరు రాద్దామనే కలం అట్టుకున్నానన్నా" అన్నాడు. "రాసీసినానంటే నువ్వు కిందనుంచి పార్తన సేసెస్తావు. సేసీసినాక నాను ఎలాగెల్తాను?"

ఆ మాట అని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఇద్దరం లేచి జెట్టీ వైపు కాకుండా మార్కెట్ వైపు నడిచాం. మార్తప్ప ఎప్పటిలాగే అడిగింది, అతను ఆ పేరు చెప్పాడు, ఆమె ప్రార్థించింది, అతను ఆమేన్ అనలేదు. ఆమె అతని ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టింది. అతను తరుగుతూనే ఉన్నాడు, జెట్టీలో సరుకు దిగింది, ఆ మనిషి వచ్చి వెళ్ళిపోయాడు, ఎవరూ చావలేదు. మధ్యాహ్నం ముగ్గురం డలా పడవ ఎక్కాం, నడి నదిలో తమ్ముడు తన చేతులతోనే పిస్తోలును వదిలేశాడు.

ఇప్పుడతను రేవులో లేడు, వేరే పనిలో ఉన్నాడు. ఈ సంగతి చెప్పనా అని ఈసారి అడిగాను. మూడు షరతులు పెట్టాడు, నా పేరు చెప్పకు, నన్ను నిలబెట్టకు, నీ తప్పు దాచకు. ఆ ఆదివారం ఇక్కడ ఉన్నవాళ్ళకు అతనెవరో తెలుసు, దయచేసి తిరిగి చూడకండి.

నా ప్రియులారా, ఇప్పుడు తమ్ముడు నాకు తలుపు తీస్తున్నా, ఆ తాడు మాకు అలవాటైపోయింది. ఈ ఉదయం కూడా గంట లాగితే కాగితం దిగింది. అందులో ఉన్నది ఆ పాత పేరే, అన్నను కాల్చినవాడి పేరు, కానీ కింద ఇంకో వరుస ఉంది. ఆళ్ళమ్మకి బాగోలేదంట, పార్తన సెయ్యి, అని.

మీలో ఎవరి గుండెలోనైనా అలాంటి ఒక పేరు ఉంటే, రేపు ఉదయం మార్తప్ప బల్ల దగ్గరికి రండి, పేరు చెప్పండి చాలు, ఆమేన్ అనడం దేవుడు చూసుకుంటాడు. ఇప్పుడు ఆ తల్లి కోసం ప్రార్థన చేద్దాం, ఆమె పేరు మనకు తెలియదు, ఆయనకు తెలుసు. అందరూ లేవండి, ముసలివాళ్ళు కూడా, పిల్లలు కూడా. అందరం లేచి నిలబడితే ఎవరినీ ఒక్కరినే నిలబెట్టినట్టు ఉండదు.