ఏడు బుడిపెలకు ఒక జడ

అమ్మాయి గ్రాడ్యుయేషన్ ఫొటోలు కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తున్న రోజు, నా నుదుటి మీద కొండలు కనిపించాయి. అసలు సైజు ఆవగింజంత. నా కళ్లకి మాత్రం తిరుమల కొండలే, సంఖ్య కూడా ఏడే.

మేముండే నేపర్‌విల్‌లో డెర్మటాలజిస్ట్ దగ్గరికి వీలునామా రాసినంత పని చేసి వెళ్లాను. ఆవిడ లెన్స్ పెట్టి చూసి, "సెబేషియస్ హైపర్‌ప్లేసియా. ఆయిల్ గ్లాండ్స్ ఉబ్బాయి, హార్మ్‌లెస్. తీయడం ప్యూర్‌లీ కాస్మెటిక్" అంది.

అక్కడితో ఆగాల్సింది. యాభై రెండేళ్లవాడికి అందం మీద మనసు పడితే ఆగుతుందా?

నంబింగ్ క్రీమ్ రాసి, ఎలక్ట్రోకాటరీ సూదితో ఒక్కొక్కటే కాల్చింది. చీమ కుట్టినంత నొప్పి. పులి పట్టినంత మూలుగు. "పది రోజులు స్కాబ్స్ ఉంటాయి, గిల్లొద్దు. సన్‌స్క్రీన్ రాయండి. కొన్ని మళ్లీ రావచ్చు" అంది.

మూడో రోజు గుళ్లో భోజనాల లైన్లో శారదక్కయ్య పట్టుకుంది. సొంత అక్క కాదు. ఇరవై ఏళ్ల క్రితం పక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటూ "తమ్ముడూ" అని పిలవడం మొదలుపెట్టి, నిజంగానే అక్కయిపోయింది.

"నుదుటికేమైందిరా?"

అందం కోసమని చెప్పడానికి నోరు రాలేదు. "చిన్న గ్రోత్ అక్కయ్యా, తీయించేశాను."

"బయాప్సీకి పంపారా?"

నేను నిట్టూర్చాను. ఆ నిట్టూర్పు మరీ బాగా కుదిరింది.

మర్నాటి నుంచి మా ఇంటికి అక్కయ్య వంటల గిన్నెలే గిన్నెలు. ఫ్రిజ్ తలుపు పడితే ఒట్టు. "నిజం చెప్పండి, పాపం తగులుతుంది" అంటుంది నా భార్య సుజాత. "రేపు" అంటూ అక్కయ్య పులిహోర తింటాను నేను.

ఇండియా వెళ్లే ముందు అక్కయ్య ఫోన్ చేసింది. "రిపోర్ట్ ఏమొచ్చిందిరా?"

"ఏం లేదు అక్కయ్యా. హార్మ్‌లెస్."

"వెంకన్న కాపాడాడు! మొక్కు తీర్చుకొచ్చి మాట్లాడతా" అని ఏడ్చేసింది.

ఏం మొక్కని నేను అడగలేదు. అడిగితే నిజం చెప్పాల్సొస్తుందని.

ఆగస్టులో తలుపు తీస్తే స్కార్ఫ్ కట్టుకుని నిలబడి ఉంది. లోపలికొచ్చి విప్పింది. నడుము దాటే జడ లేదు. గుండు.

అప్పుడు చెప్పాను, అంతా. జీవితంలో మొదటిసారి ఆవగింజని ఆవగింజంతే చెప్పాను.

అక్కయ్య స్కార్ఫ్ మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. "నీకేం కాకూడదని మొక్కాను, కాలేదు. దేవుడితో నాకు పేచీ లేదు, నీతోనే ఉంది" అంది. తర్వాత తల తడుముకుని, "అరవైలో మళ్లీ అంత పెరగదురా" అంది, మెల్లిగా.

నేను మోసిన ఏ కొండా ఆ మాటంత బరువు లేదు.

రెండేళ్లయింది. రెండు బుడిపెలు తిరిగొచ్చాయి. డాక్టరమ్మ తీస్తానంది, వద్దన్నాను. అక్కయ్య జుట్టు ఇప్పుడు మెడ దాకా వచ్చింది. మొన్న నా నుదురు చూసి, "నాకంటే నీకే తొందరగా మొలిచాయి కదరా!" అని నవ్వింది. నవ్వు నాకు రాలేదు.

తీయించుకోవాలనిపిస్తే తీయించుకోండి, తప్పు లేదు. కానీ డాక్టరు హార్మ్‌లెస్ అన్న రోజే, మీ కోసం భయపడేవాళ్లకి ఫోన్ చేసి, అందం కోసమే తీయించుకుంటున్నానని చెప్పేయండి. సన్‌స్క్రీన్ తర్వాతైనా రాసుకోవచ్చు.