లిక్టెన్‌స్టైన్ పళ్ళు, తణుకు చెరుకు

ఆ రోజుల్లో అబద్ధానికీ అతిశయోక్తికీ మధ్య ఒక సన్నని గట్టు ఉండేది. మా కొల్లేటి చేపల చెరువుల మధ్య ఉంటుందే, అలాంటిది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు నీళ్ళలోకి దిగాల్సిందే. నేను ఆ గట్టు మీద రెండు చేతులూ వదిలేసి సైకిలు తొక్కినవాణ్ణి. కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను: ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మనుషులు నిజం, పళ్ళు నిజం, చెరుకు నిజం. మిగతా వాటికి కాస్త నీళ్ళు కలిసి ఉండవచ్చు. (కొల్లేటి పక్కన పుట్టినవాడు నీళ్ళు కలపకపోతే ఎవరు కలుపుతారండీ?)

డిగ్రీ పూర్తయి తాడేపల్లిగూడెంలో ఇంటి అరుగు అరగదీస్తున్న నన్ను మా నాన్న ఏలూరులో మా మావయ్య దగ్గర పనికి పెట్టాడు. "ఇది కూడా వదిలేసి వచ్చావంటే రైసుమిల్లులో తవుడు తూకానికి పంపిస్తా" అని స్టేషన్లోనే చెప్పి మరీ రైలెక్కించాడు. తవుడంటే నాకు తుమ్ములు. ఎలాంటి తుమ్ములంటే, ఒక్కటి తుమ్మితే మూడు బస్తాలు గాల్లోకి లేచేవి. అందుకని మావయ్య ఉద్యోగం నాకు ప్రాణంతో సమానం. మా మావయ్యది పళ్ళ సెట్లు కట్టే ల్యాబు. గోడలకి అరలు, అరల నిండా సుద్దతో పోసిన దవడలు. పొద్దున్నే తలుపు తీస్తే వందమంది ముసలివాళ్ళు మొండాలు లేకుండా నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేని నాకు ఆ నవ్వుల మధ్య కాళ్ళు మరీ దురదపెట్టేవి.

అక్కడే నాకు ఒక దేశం దొరికింది. పళ్ళొచ్చే అట్టపెట్టె మీద దాని పేరు చూశాను: లిక్టెన్‌స్టైన్. స్విట్జర్లాండుకీ ఆస్ట్రియాకీ మధ్య ఇరుక్కున్న ఇంత దేశం. విమానాశ్రయం కూడా లేదట. మా కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు ఆ దేశాన్ని తెచ్చి అందులో పడేస్తే, పక్కన పడవలు తిరగడానికి ఇంకా చోటు మిగులుతుంది. అలాంటి దేశం ప్రపంచంలో దేనికి పేరుమోసిందయ్యా అంటే, పెట్టుడు పళ్ళకి! లోకంలో ఎన్ని బోసినోళ్ళకో ఆ దేశమే నవ్వులు పంపిస్తుందని మావయ్య చెప్పగానే నా ఒళ్ళు పులకరించింది. ఏలూరు పక్కనున్న వట్లూరు దాటి అటువైపు పెద్దగా వెళ్ళి ఎరగని నేను ఆ క్షణం నుంచీ ఆ దేశానికి రాయబారినైపోయాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి: "అక్కడ పిల్లలకి పాలపళ్ళు కూడా ఫ్యాక్టరీ నుంచే వస్తాయండి. ఈ పళ్ళతో తాళం చెవి లేకుండా బీరువా తీయొచ్చండి."

ఆ మాట నమ్మినవాడు గట్టు తాతగారు. కొల్లేటి అంచున చేపల చెరువు గట్టు మీదే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి కాబట్టి మా ల్యాబులో ఆయన పేరదే. పెంచి పెద్ద చేసిన మనవరాలి పెళ్లి కుదిరింది. నిశ్చితార్థం రోజున తణుకు నుంచి వచ్చిన పెళ్లికొడుకు తాతగారు, బోలెడు చెరుకు తోట ఉన్న ఆసామీ, నలుగురిలో ఓ మాటన్నారట: "మా బావగారికి గడ ఇవ్వకండమ్మా, రసం తీసి గ్లాసులో పొయ్యండి." పందిరంతా నవ్వింది. గట్టు తాతగారు నవ్వలేదు. "పెళ్లి భోజనాల్లో మీ పక్కనే కూర్చుని మీతోపాటు మీ తోట గడే కొరికి చూపిస్తాను బావగారూ" అని శపథం చేసి, మర్నాడే ఏలూరు వచ్చి మా ల్యాబులో నోరు తెరిచారు.

"నిజంగా బీరువా తెరుచుకుంటుందంటావా బాబూ?" అన్నారు నన్ను.

"బీరువా ఏంటండీ, చెరుకంటే వాటికి వెన్నపూస!" అన్నాను.

మావయ్య నా వీపున ఒకటి చరిచి, "వాడి మాటలు వినకండి. సెట్టుతో ఇడ్లీ తినండి, పప్పన్నం తినండి, చెరుకు జోలికి మాత్రం వెళ్ళకండి" అన్నాడు. వింటేనా? ఆయనకి ఇంకో కోరిక కూడా ఉంది. ముందు పళ్ళ మధ్య సందు పెట్టాలన్నారు.

"కొత్త పళ్ళు కదండీ, నిండుగా పెడతాం. సందెందుకు?" అన్నాడు మావయ్య.

"ఆ సందులోంచి ఈల వేస్తే అవతలి ఒడ్డున పడవ ఆగేదండి. బడి వదిలాక మా పిల్ల ఎక్కడున్నా ఆ ఈలకే ఇంటికొచ్చేది. పళ్ళూడాక మళ్ళీ వినలేదు. అప్పగింతలప్పుడు ఒక్కసారి వేసి పంపిద్దామని."

మావయ్య సందు పెట్టాడు.

పెళ్లి రోజు పొద్దున్న మావయ్య నాకు రెండు సంచీల్లో రెండు స్టీలు డబ్బాలు అప్పగించాడు. పళ్ళు ఎండకూడదు కాబట్టి రెండింట్లోనూ నీళ్ళు, నీళ్ళలో సెట్లు. "కుడి సంచీలోది గట్టు తాతగారిది. ఎడమ సంచీలోది, వాళ్ళ ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర తెల్ల గొడుగు పట్టుకుని ఒకాయన ఉంటారు, ఆయనకి. పేరడక్కు. ఆయన పళ్ళు కట్టించుకున్న సంగతి వాళ్ళావిడక్కూడా తెలీదు. నోరు జారావో, తవుడే!" అన్నాడు. నాకు అప్పుడే ముక్కు దురద పుట్టింది.

కైకలూరు బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన "డబ్బాల్లో ఏంటి బాబూ, పులిహోరా?" అనడం నా ఖర్మ. రాయబారి ఊరుకుంటాడా? మూత తీశాను. ఒక దేశం గురించి చెప్పాలంటే ఒక సెట్టు చాలదనిపించి రెండోదీ తీశాను. బస్సు బస్సంతా నా సీటు మీదకి వంగింది. కండక్టరు టికెట్లు ఆపేశాడు. డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడని చెబితే మీరు నమ్మరు గానీ, తిరక్కపోతే బస్సు ఆ గోతిలో ఎందుకు పడుతుంది? నేను పైకి లేచాను, డబ్బాలు లేచాయి, నీళ్ళు పక్కాయన పంచె మీద పడ్డాయి, పళ్ళు నా ఒళ్ళో పడ్డాయి. గబగబా ఏరి డబ్బాల్లో వేసుకుని, ఏం జరగనట్టు కిటికీలోంచి కొంగల్ని చూశాను.

టీకొట్టు దగ్గర తెల్ల గొడుగు తాతగారు అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. డబ్బా లాక్కున్నట్టు తీసుకుని, కొట్టు వెనక్కి వెళ్ళి, మూతి సొట్టపోయినట్టు తిరిగొచ్చారు. "బిగుతుగా ఉందయ్యా" అన్నారు. "లిక్టెన్‌స్టైన్ దేశపు సరుకు కదండీ, మొదట్లో అలాగే ఉంటుంది. మన నోటికి అది అలవాటు పడాలి" అన్నాను. పెళ్లింట్లో గట్టు తాతగారు సెట్టు పెట్టుకుని, "వదులుగా ఉంది బాబూ, ఊగుతోంది" అన్నారు. ఆయనకీ అదే జవాబు. చెప్పి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ మా వైపు పెళ్లింటి గడప తొక్కినవాణ్ణి భోంచెయ్యకుండా వదులుతారా? ఇద్దరు చెరో రెక్క పట్టుకుని పందిట్లో కూలేశారు.

అప్పుడు చూశాను. గట్టు తాతగారి పక్కన, పెళ్లివారి పెద్దగా, గంధం పూసుకుని కూర్చున్నది గొడుగు తాతగారు! చెరుకు తోట ఆసామీ ఆయనే! ఇద్దరి మధ్యా పళ్ళెంలో, రిబ్బను కట్టిన చెరుకు ముక్కలు రెండు. విస్తళ్ళ నిండా వడ్డన అయిపోయింది. పెద్దలిద్దరూ నోట్లో పెట్టుకుంటే తప్ప పంక్తిలో ఎవరూ ముట్టకూడదు. పందిట్లో మూడువేలమంది (సరే, మూడొందలు) వాళ్ళిద్దరి నోళ్ళవంక చూస్తున్నారు.

"కానివ్వండి బావగారూ" అన్నారు గొడుగు తాతగారు, పళ్ళ మధ్య మాట ఇరుక్కుని.

"అయ్యయ్యో, పెళ్లివారు! ముందు తమరు" అన్నారు గట్టు తాతగారు, పై పళ్ళు జారకుండా పెదవి బిగించి.

"అబ్బే, కన్యాదాతలు! ముందు మీరు."

"తోట తమరిదండీ. ముందు తమరే."

మా గోదావరి మర్యాదతో ఎంత యుద్ధం చెయ్యొచ్చో ఆ రోజు తెలిసింది. పప్పు మీద నెయ్యి పేరుకుంది. చేపల పులుసు మీద మీగడ కట్టింది. పిల్లలు ఏడుపందుకున్నారు. వరస చివర ఒక ముసలామె "కొరకండ్రా నాయనా, షుగరు మనిషిని, కళ్ళు తిరుగుతున్నాయ్" అని కేకేసింది. నాకైతే విస్తరి ముందు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. సరిగ్గా అప్పుడు గొడుగు తాతగారు మొహమాటంగా నవ్వారు. ముందు పళ్ళ మధ్య సందు!

నా గుండె కొల్లేట్లో పడింది. గట్టు తాతగారి నోట్లో ఉన్నవి ఈయన పళ్ళు. ఈయన నోట్లో ఉన్నవి ఆయన ఈల. లేచి నిజం చెబితే గొడుగు తాతగారి పరువు గంగపాలు, నాకు తవుడు. చెప్పకపోతే, ఏ క్షణాన ఆ ఊగే పళ్ళతో ఆయన చెరుకు కొరుకుతారో, పళ్ళు గడకి పట్టుకుని వేళ్ళాడతాయో! అందులోనూ కొరకమని ఎగేసింది నేనే.

ఒక మంచినీళ్ళ చెంబు అందుకుని వడ్డించేవాడిలా వెళ్ళాను. వంగి ఒకరి చెవిలో "పళ్ళు మారాయండి, మేత గది వెనక్కి రండి" అన్నాను. రెండో చెవిలోనూ అదే అన్నాను. పెద్దలిద్దరూ ఒకేసారి "చేతులు కడుక్కుని వస్తాం" అంటూ లేచారు. మూడొందలమంది నిట్టూర్చిన గాలికి షామియానా పైకి లేచింది.

చేపల మేత గది వెనక, చెరువు గట్టు మీద, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ముందు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. నేను చెంబు చాపాను. గొడుగు తాతగారు తలవంచుకుని సెట్టు తీసి అందులో వేశారు. గట్టు తాతగారి కళ్ళు చెంబంత అయ్యాయి.

"తమరికి కూడానా బావగారూ?"

"నిశ్చితార్థం నాటికి నాలుగున్నాయండి. మిమ్మల్ని అన్న మాట తగిలినట్టుంది, అవీ రాలాయి."

"ఏ దేశానివండీ తమరివి?"

"అదేదో, ఈ అబ్బాయి చెప్పే దేశమే."

"అయితే ఇద్దరం ఒక దేశం వాళ్ళమేగా!" అన్నారు గట్టు తాతగారు. అని, తన సెట్టూ తీసి చెంబులో వేసి నవ్వారు. ఇద్దరు బోసినోళ్ళ పెద్దమనుషులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతుంటే, కింద చెరువులో చేపలు మేతేమోననుకుని పైకొచ్చాయి. నేను పళ్ళు కడిగి ఎవరివి వాళ్ళకిచ్చాను. ఈసారి సందు చూసి మరీ ఇచ్చాను.

పంక్తిలోకి తిరిగొచ్చి గట్టు తాతగారు ప్రకటించారు: "మా బావగారూ నేనూ గట్టు మీదే పందెం తేల్చేసుకున్నాం. ఎవరు గెలిచారో చెప్పేది లేదు. పప్పు కలపండి!" గొడుగు తాతగారు అందుకున్నారు: "ఈ గడలు రెండూ మా ఇద్దరి తరఫునా ఈ అబ్బాయి కొరుకుతాడు." తణుకు చెరుకు ఎంత గట్టిదో నాకు తెలుసనుకున్నారు కాబోలు. నాకేం తెలుసు! మొదటి ముక్కకే నా కుడి దవడ పన్ను టప్పుమంది. ఆ చప్పుడు ఆకివీడు దాకా వినిపించింది.

అప్పగింతలయ్యాయి. పెళ్లికూతురు కారెక్కింది. గట్టు తాతగారు గట్టు చివరికి వెళ్ళి నిలబడి ఈల వేశారు. కొల్లేటి మీద కొంగలు, గూడబాతులు ఒక్కసారిగా లేచి ఆకాశం తెల్లబడింది. అవతలి ఒడ్డున ఒక పడవ ఆగింది.

ఆ పగిలిన పన్ను ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి మొన్న సెలవు తీసుకుంది. ఏలూరులో డాక్టరమ్మ, నా కూతురి వయసుంటుంది, "కొత్తది పెడదామండీ" అంది. "ఏ దేశానిది?" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "పక్కన కాస్త సందుంచడానికి వీలవుతుందామ్మా?" అని కూడా అడిగాను. దవడ పన్నుకి సందెందుకో ఆ పిల్లకి అర్థం కాలేదు. నాకూ సరిగ్గా అర్థం కాలేదు.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పేస్తాను. బస్సు నిజమే, పళ్ళు మారడం నిజమే. ఆ ఈల నిజం కాదు. ఆయన ఊదారు. గాలి వచ్చింది, అంతే. కొత్త పళ్ళతో ఈల రాదని మావయ్యకి ముందే తెలుసట. ఆయన మళ్ళీ ఊదారు. మళ్ళీ గాలే. ఒక్క కొంగ కూడా లేవలేదు. నేను చెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, మొట్టమొదటిసారి చెప్పడానికి ఏమీ దొరక్క.

కానీ కదులుతున్న కారు కిటికీలోంచి ఆ పిల్ల తల బయటపెట్టి సరిగ్గా గట్టువైపే చూసింది. ఇది మాత్రం నేను కల్పించలేదండీ.